కొత్త డీఎస్ఎల్ఆర్ కెమెరాతో మసక లేని ఫోటోలు: ఒక సమగ్ర మార్గదర్శి

చెన్నైలోని వేలచ్చేరిలో ఉంటున్న మా మేనకోడలు గత నవరాత్రులకు కొత్త డీఎస్ఎల్ఆర్ కెమెరా కొనుక్కుని, ఇంట్లో పెట్టిన బొమ్మల కొలువును రెండు రోజుల పాటు ఫోటోలు తీసి, వాటిలో పదింటిని నాకు పంపించింది. "మామయ్యా, లెన్సులో ఏదో లోపం ఉన్నట్టుంది. ఫోన్లోనే ఇంతకంటే బాగా వస్తున్నాయి. షాపువాళ్లను మార్చి ఇమ్మని అడగమంటావా?" అని ఫోన్ చేసింది.

ఆ పది ఫోటోలనూ కంప్యూటరులో పెద్దవి చేసి చూస్తే లెన్సులో లోపమేదీ కనిపించలేదు గానీ, మూడు రకాల మసక కనిపించింది. ఒక ఫోటోలో దీపాలు, బొమ్మల అంచులు, గోడకు వేసిన పూలదండ అన్నీ ఒకే దిశలో సాగినట్టు ఉన్నాయి. ఇంకొక దానిలో కింది మెట్టు మీది శెట్టి దంపతుల బొమ్మలు, వాళ్ల ముందు పోసిన పప్పులు గింజ గింజా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి గానీ, పైమెట్టు మీది దశావతారాలు పొగలో నిలబడినట్టు ఉన్నాయి. మూడోదానిలో మెట్లన్నీ చక్కగా వచ్చాయి, పాట పాడడానికి వచ్చిన పక్కింటి పాప ముఖం మాత్రం చెదిరిపోయింది. మొదటిది చేయి కదలడం వల్ల వచ్చిన మసక, రెండోది ఫోకస్ ఒకచోట ఉండి మనకు కావలసిన వస్తువు మరొకచోట ఉండడం వల్ల వచ్చినది, మూడోది మన ఎదుట ఉన్న మనిషి కదలడం వల్ల వచ్చినది. ఈ మూడింటికీ మందులు వేరు వేరు. ఏ మసకో గుర్తుపట్టకుండా సెట్టింగులు మార్చుకుంటూ పోతే ఎన్ని నెలలైనా ఫలితం ఉండదన్నది నా అనుభవం.

ఫోన్లో బాగా వస్తున్నాయన్న ఆమె మాట కూడా నిజమే. ఫోన్ కెమెరాలో వెలుతురును పట్టే సెన్సర్ చాలా చిన్నది, లెన్సు ఫోకల్ లెంగ్త్ (లెన్సు దృశ్యాన్ని ఎంత దగ్గరకు లాగుతుందో చెప్పే మి.మీ. కొలత) కొద్ది మిల్లీమీటర్లే, అందువల్ల దగ్గరి నుంచి దూరం దాకా దాదాపు అంతా ఫోకస్‌లోనే ఉంటుంది. పైగా ఫోన్ ఒక్క నొక్కుకు అనేక ఫ్రేములు తీసి, వాటిని కలిపి, అంచులకు పదును పెట్టి మనకు చూపిస్తుంది. డీఎస్ఎల్ఆర్‌లో పెద్ద సెన్సర్ ఉంటుంది, ఫోకస్‌లో ఉండే లోతు తక్కువగా ఉంటుంది, నిర్ణయాలన్నీ మన చేతిలో ఉంటాయి. ఆ నిర్ణయాలు తీసుకోవడం నేర్చుకున్న తరువాత వచ్చే స్పష్టత ఫోన్ ఇవ్వలేనిది.

మొదటి అడుగు: మసకను గుర్తుపట్టడం

ఫోటోను కెమెరా వెనుక ఉన్న చిన్న తెర మీద చూసి తీర్పు చెప్పవద్దు, ఆ తెర మీద అన్నీ బాగానే కనిపిస్తాయి. కంప్యూటరులో నూరు శాతం పరిమాణానికి పెంచి చూడండి. చిన్న వెలుగు చుక్క ఏదైనా ఉంటే, అంటే దీపం, కంటిలో మెరుపు, నగ మీది తళుకు వంటివి, ముందుగా దాన్నే చూడండి. ఆ చుక్క గీతలా సాగితే కదలిక ఉన్నట్టు. గుండ్రంగానే ఉండి ఉబ్బినట్టు కనిపిస్తే ఫోకస్ తప్పినట్టు. గీతలు ఫ్రేము అంతటా ఒకే దిశలో ఉంటే కదిలింది మీ చేయి, ఒక్క మనిషి మీదే ఉంటే కదిలింది ఆ మనిషి. ఫోకస్ తప్పిన ఫోటోలో చాలాసార్లు ముందో వెనుకో మరొక వస్తువు స్పష్టంగా ఉంటుంది, దాన్ని వెతికితే కెమెరా ఎక్కడ ఫోకస్ చేసిందో తెలిసిపోతుంది. గీతలూ లేక, స్పష్టమైన చోటూ లేక, ఫోటో అంతా పలచని తెర కప్పినట్టు ఉంటే లెన్సు అద్దం మీద మురికి, ఆవిరి, నాసిరకం ఫిల్టరు, ఎండ వేడి లేదా అతిగా మూసిన అపర్చరు (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) కారణమై ఉంటుంది.

రెండో అడుగు: కెమెరాలో లోపం లేదని తేల్చుకోవడం

కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ పక్కన ఒక చిన్న చక్రం ఉంటుంది, దానిని డయాప్టర్ అంటారు. వ్యూఫైండర్ లోపల కనిపించే అంకెలు మీ కంటికి స్పష్టంగా కనిపించే దాకా దానిని తిప్పండి. ఇది ఆటోఫోకస్‌ను మార్చదు, కానీ ఫోకస్ ఎక్కడ పడిందో చూసి గ్రహించే శక్తిని మీకు ఇస్తుంది. కళ్లద్దాలు వాడేవారు దీన్ని తప్పక సరిచేసుకోవాలి.

ఆ తరువాత గోడ మీది తెలుగు క్యాలెండరును పరీక్షకు పెట్టండి. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం అచ్చువేసే ఆ చిన్న అక్షరాల కంటే మంచి పరీక్ష పత్రం ఇంట్లో దొరకదు. పగటి వెలుతురు బాగా పడే చోట దాన్ని తగిలించి, కెమెరాను ట్రైపాడ్ మీద గానీ, బల్ల మీద పుస్తకాల దొంతర పైన గానీ క్యాలెండరుకు ఎదురుగా నిలపండి. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, అపర్చరు ఎఫ్/8 (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), రెండు సెకన్ల టైమరు పెట్టండి. ముందుగా లైవ్ వ్యూ (వెనుక తెర మీద చూస్తూ తీసే పద్ధతి) ఆన్ చేసి, తెర మీద పది రెట్లు పెంచి, ఒక అక్షరం మీద ఫోకస్ చేసి ఫోటో తీయండి. వర్జ్యం ఎన్ని గంటలకో నూరు శాతం పరిమాణంలో చదవగలిగితే మీ లెన్సు, సెన్సర్ బాగున్నట్టే. మా మేనకోడలి కెమెరా ఈ పరీక్షలో మొదటిసారే నెగ్గింది.

ఇప్పుడు లైవ్ వ్యూ ఆపి, అపర్చరును వీలైనంత తెరిచి, వ్యూఫైండర్‌లో మధ్య బిందువుతో అదే అక్షరం మీద ఫోకస్ చేసి మూడు నాలుగు ఫోటోలు తీయండి. అదే అపర్చరుతో లైవ్ వ్యూలోనూ ఒకటి తీసి పక్కన పెట్టి చూడండి. లైవ్ వ్యూలో ఫోకస్‌ను సెన్సరే చూసుకుంటుంది. వ్యూఫైండర్‌తో తీసేటప్పుడు మాత్రం కెమెరా లోపలి అద్దం కింద ఉన్న వేరే పరికరం దూరాన్ని కొలుస్తుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరకపోతే ఫోకస్ ప్రతిసారీ కాస్త ముందుకో వెనుకకో పడుతుంది. నికాన్ డీ7200, కెనాన్ 80డీ వంటి మధ్యశ్రేణి కెమెరాల్లో దీన్ని సరిదిద్దే ఏర్పాటు మెనూలోనే ఉంది. ప్రారంభశ్రేణి కెమెరాల్లో సాధారణంగా ఉండదు. తేడా స్పష్టంగా, ప్రతి ఫోటోలోనూ ఒకే వైపు కనిపిస్తేనే సర్వీసు సెంటరుకు తీసుకువెళ్లండి.

మూడో అడుగు: షట్టరు వేగం

కొత్తవారి ఫోటోల్లో మసకకు నేను చూసినంతవరకు ఇదే పెద్ద కారణం, కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

చేతిలో పట్టుకుని తీసేటప్పుడు ఫిల్ము కాలం నుంచి వస్తున్న ఒక లెక్క ఉంది. 50 మి.మీ. లెన్సు అయితే షట్టరు, అంటే సెన్సర్‌కు వెలుతురు చేరనిచ్చే తలుపు, సెకనులో 50వ వంతు కంటే ఎక్కువసేపు తెరుచుకుని ఉండకూడదు, 200 మి.మీ. అయితే 200వ వంతు కంటే ఎక్కువసేపు ఉండకూడదు. లెన్సు ఎంత దూరాన్ని దగ్గరకు లాగితే మన చేతి వణుకును కూడా అంత పెద్దది చేసి చూపిస్తుందన్నదే ఇందులోని సూత్రం. అయితే మొదటిసారి కొనే కెమెరాల్లో ఎక్కువ భాగం ఏపీఎస్-సి సెన్సర్‌వి, అది ఫిల్ము కంటే చిన్నది. అందుకని ఆ సంఖ్యను నికాన్‌లో 1.5తో, కెనాన్‌లో 1.6తో హెచ్చవేయాలి. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సును 55 మి.మీ. వరకు జూమ్ చేస్తే నికాన్‌లో లెక్క 82.5 వస్తుంది, అంటే కనీసం 1/100 సెకను కావాలి. 24 మెగాపిక్సెళ్ల సెన్సర్ చిన్నపాటి వణుకును కూడా దాచదు కాబట్టి, వెలుతురు ఉంటే నేను ఆ వేగాన్ని రెట్టింపు చేసి 1/200 పెడతాను. మీరూ మొదట్లో అలాగే చేయండి.

ఇది మన చేతికి సంబంధించిన లెక్క మాత్రమే, ఎదుటివారి కదలికకు వేరే లెక్క ఉంది. నిలబడి మాట్లాడుతున్నవారికి 1/125 నుంచి 1/200 సెకను సరిపోతుంది. నడిచేవారికి 1/250, మెరీనా ఇసుకలో పరుగెత్తే పిల్లలకు, భరతనాట్యం చేసేవారికి 1/500, ఎగిరే పక్షులకు 1/1600 లేదా అంతకంటే ఎక్కువ వేగం కావాలి. రెండు లెక్కల్లో ఏది ఎక్కువ వేగం చెబితే దాన్నే పాటించండి.

లెన్సు మీద నికాన్‌లో వీఆర్ అని, కెనాన్‌లో ఐఎస్ అని, టామ్రాన్‌లో వీసీ అని ఉండే స్టెబిలైజేషన్ మన చేతి వణుకును మాత్రమే తగ్గిస్తుంది. దాన్ని నమ్మి 1/15 సెకనుకు దిగితే గోడలు, గుమ్మాలు స్పష్టంగా వస్తాయి, మనుషులు చెదిరిపోతారు. పక్కింటి పాపకు జరిగింది అదే.

ఇంట్లో, పెళ్లి మండపంలో ఇంత వేగానికి వెలుతురు ఎక్కడిదని మీరు అడగవచ్చు. అందుకు ఐఎస్ఓ పెంచాలి. కొత్తవారు నాయిజ్ (ఫోటోలో ఇసుక చల్లినట్టు కనిపించే రేణువులు) వస్తుందని భయపడి ఐఎస్ఓ 400 దగ్గరే ఆగిపోతుంటారు. నాయిజ్‌ను తరువాత సాఫ్ట్‌వేరులో చాలావరకు తగ్గించవచ్చు, చెదిరిన ముఖాన్ని తిరిగి తేవడం సాధ్యం కాదు. 1600, 3200 దాకా ధైర్యంగా వెళ్లండి. నికాన్‌లో ఎస్ అని, కెనాన్‌లో టీవీ అని ఉండే మోడ్‌లో షట్టరు వేగాన్ని మీరు నిర్ణయించి, ఆటో ఐఎస్ఓకు 6400 గరిష్ఠ హద్దుగా పెడితే మొదటి నెలలకు అంతకంటే మంచి ఏర్పాటు లేదు.

నాలుగో అడుగు: పట్టుకునే తీరు

ఎడమ అరచేయి లెన్సు కిందకు రావాలి, బరువంతా దాని మీద ఆనాలి. కుడి చేయి పని షట్టరు నొక్కడమే. రెండు మోచేతులూ పక్కటెముకలకు ఆనించి, ఒక కాలు కాస్త ముందుకు వేసి, వ్యూఫైండర్‌ను కనుబొమకు ఆనించండి. ఊపిరి సగం వదిలి, ఒక్క క్షణం ఆగి, బటన్‌ను గుచ్చకుండా మెల్లగా అదమండి. వెలుతురు తక్కువైనప్పుడు వరుసగా మూడు ఫోటోలు తీస్తే వాటిలో నడిమిది తరచుగా ఎక్కువ స్పష్టంగా ఉంటుంది, ఎందుకంటే వేలు నొక్కే కుదుపు మొదటిదానిలో, వదిలే కుదుపు చివరిదానిలో పడతాయి. గోడ, స్తంభం, కుర్చీ వీపు ఏది దొరికినా ఆనుకోండి.

ఐదో అడుగు: ఫోకస్‌ను మీ చేతిలోకి తీసుకోవడం

చాలా ఏళ్ల కిందట టి.నగర్‌లోని ఒక హాలులో మా బంధువుల అమ్మాయి ఓణీల ఫంక్షన్ జరిగింది. మా అమ్మమ్మ వంగి, అక్షింతలు పట్టిన చేయి ముందుకు చాపి, ఆ పిల్లను దీవిస్తున్న క్షణాన్ని నేను తీశాను. వెలుతురు బాగుంది, చేయి కదలలేదు. ఇంటికి వచ్చి చూస్తే పసుపు అంటిన బియ్యపు గింజలు, ఆమె గాజులు, వేళ్ల ముడతలు అద్భుతంగా వచ్చాయి, ముఖం మాత్రం మసకగా ఉంది. ఫోకస్ బిందువును ఎంచుకునే పనిని నేను కెమెరాకే వదిలేశాను, కెమెరా తనకు అందరికంటే దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకుంది. అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఆ రోజు నుంచి నేను ఏ కెమెరా చేతికి వచ్చినా ముందుగా మార్చే సెట్టింగు ఇదే, మిమ్మల్ని కూడా అదే చేయమని వేడుకుంటున్నాను.

ఆటోఫోకస్ ఏరియాను సింగిల్ పాయింట్‌కు మార్చండి. మనుషులను తీసేటప్పుడు ఆ బిందువును మీకు దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టండి. కదలని వాటికి నికాన్‌లో ఏఎఫ్-ఎస్, కెనాన్‌లో వన్ షాట్ వాడండి; బటన్‌ను సగం నొక్కితే ఫోకస్ అక్కడే నిలిచిపోతుంది. కదిలేవారికి ఏఎఫ్-సి, కెనాన్‌లో ఏఐ సర్వో వాడండి. బటన్ సగం నొక్కి ఉంచినంతసేపూ కెమెరా వారిని వెంబడిస్తుంది. కదలని మనిషికీ కదిలే మనిషికీ మధ్య తేడాను కెమెరాయే ఊహించే మూడో మోడ్ కూడా ఒకటి ఉంటుంది, అది తరచుగా తప్పుగా ఊహిస్తుంది కాబట్టి నేను దాన్ని వాడను.

మధ్య బిందువుతో ఫోకస్ చేసి, తరువాత కెమెరాను పక్కకు తిప్పి ఫోటో తీయడం చాలామందికి అలవాటు. ఎఫ్/8 వద్ద దీనివల్ల నష్టం లేదు. 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సును పూర్తిగా తెరిచి, మీటరున్నర దూరంలో ఉన్న ముఖాన్ని తీస్తే మాత్రం, ఏపీఎస్-సి కెమెరాలో ఫోకస్‌లో ఉండే లోతు మొత్తం ఆరు ఏడు సెంటీమీటర్లే. కెమెరా తిప్పినప్పుడు, లేదా ఎదుటివారు కాస్త వెనక్కి ఒరిగినప్పుడు కన్ను ఆ లోతు నుంచి జారిపోతుంది. అటువంటప్పుడు బిందువునే కంటి మీదకు జరపండి. వ్యూఫైండర్‌లో ఫోకస్ కుదరక లెన్సు ముందుకూ వెనక్కూ తిరుగుతూ ఉంటే సాదా గోడ మీద కాకుండా గీత, అంచు, అక్షరం ఉన్న చోట బిందువును పెట్టండి. మరీ దగ్గరగా వెళ్లారేమో కూడా చూసుకోండి. కిట్ లెన్సులు సాధారణంగా పావు మీటరు కంటే దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేయలేవు.

ఆరో అడుగు: అపర్చరు

దాదాపు ప్రతి లెన్సూ పూర్తిగా తెరిచినప్పుడు కాస్త మెత్తగా ఉంటుంది, ఒకటి రెండు స్టాపులు (అపర్చరు మెట్లు) మూస్తే పదునెక్కుతుంది. కిట్ లెన్సులకు ఎఫ్/8 మంచి చోటు. మరింత లోతు కావాలని ఎఫ్/22 దాకా మూస్తే, ఆ ఇరుకు రంధ్రం గుండా వచ్చే కాంతి తరంగాలు వ్యాపించి ఫోటో అంతా మళ్లీ మెత్తబడుతుంది. ఏపీఎస్-సి కెమెరాలో ఎఫ్/11 దాటవలసిన అవసరం నాకు అరుదుగానే వచ్చింది.

ఏడో అడుగు: ట్రైపాడ్

ట్రైపాడ్ మీద పెట్టిన తరువాత కూడా రెండు కుదుపులు మిగులుతాయి. ఒకటి మన వేలు, దానికి రెండు సెకన్ల టైమరు చాలు. రెండోది కెమెరా లోపలి అద్దం పైకి లేచి కొట్టుకోవడం, అది 1/60 నుంచి ఒక సెకను మధ్య ఉన్న వేగాల్లో తెలుస్తుంది. లైవ్ వ్యూలో అద్దం ముందే పైకి లేచి ఉంటుంది కాబట్టి అక్కడ ఈ బాధ తగ్గుతుంది. నడిమి కడ్డీని పైకి లాగవద్దు, సముద్రపు గాలికి అది ఊగుతుంది. మెరీనాలో అయితే కాళ్లను ఇసుకలోకి బాగా గుచ్చి, బ్యాగును ట్రైపాడ్‌కు వేలాడదీయండి. లెన్సు పాతదైతే ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్ ఆపేయడం మేలు.

ఎనిమిదో అడుగు: చెన్నై వాతావరణం

కెమెరాల మాన్యువళ్లు దీని గురించి ఒకటి రెండు వాక్యాలతో సరిపెడతాయి, ఈ ఊళ్లో ఉండేవారికి మాత్రం ఇది రోజువారీ సమస్య. ఏసీ గదిలో రాత్రంతా 22 డిగ్రీలకు చల్లబడిన కెమెరాను తెల్లవారుజామున మెరీనాకు తీసుకువెళ్లి బ్యాగులోంచి తీయగానే, గాలిలోని తేమ చల్లని లెన్సు అద్దం మీద ఆవిరిగా పేరుకుంటుంది. సూర్యోదయమంతా పాలలో ముంచినట్టు వస్తుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. బయలుదేరే ముందు, గదిలోనే కెమెరాను జిప్ కవరులో పెట్టి మూసి, బయటకు వచ్చిన తరువాత అరగంట పాటు తెరవకుండా ఉంచితే చాలు, ఆవిరి కవరు మీద పడుతుంది గానీ అద్దం మీద పడదు. ఆవిరి ఉండగా లెన్సు మార్చవద్దు, తేమ సెన్సర్ దాకా చేరుతుంది. వ్యూఫైండర్ గుండా సూర్యుణ్ణి నేరుగా చూడవద్దు, ముఖ్యంగా పెద్ద జూమ్ లెన్సుతో చూస్తే కంటికే ప్రమాదం.

అలల దగ్గర పావుగంట నిలబడితే లెన్సు ముందు అద్దం మీద కంటికి కనిపించని ఉప్పుపొర చేరుతుంది. ముందుగా బ్లోయరుతో ఇసుక రేణువులను ఊది, తరువాత మైక్రోఫైబర్ గుడ్డకు లెన్సు ద్రవం ఒక చుక్క అంటించి తుడవండి. చొక్కా అంచుతో తుడిస్తే ఇసుక గీతలు పడతాయి. సముద్రం దగ్గర ఫిల్టరు ఉపయోగపడుతుంది, కానీ చవకబారు ఫిల్టరు స్పష్టతను తగ్గిస్తుంది, రాత్రి ఫోటోల్లో అసలు దీపాలకు తోడు వాటి ప్రతిబింబాలను కూడా కలుపుతుంది. అది తీసి ఒకసారి, పెట్టి ఒకసారి క్యాలెండరును తీసి చూస్తే మీ ఫిల్టరు సంగతి తేలిపోతుంది.

2022లో రామ్‌సర్ స్థలంగా, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలగా, గుర్తింపు పొందిన పళ్లికరణై చిత్తడినేల వద్ద పక్షులను తీయడానికి వెళ్లేవారు ఉదయం తొమ్మిదిలోపే పని ముగించుకోవడం మంచిది. ఎండ ఎక్కాక నేల మీది గాలి వేడెక్కి అలలుగా కదులుతుంది, దూరపు పక్షి ఎంత మంచి లెన్సుకైనా కరిగినట్టు కనిపిస్తుంది. ఆ మసకకు ఏ సెట్టింగూ లేదు, దగ్గరి పక్షిని వెతుక్కోవడమే.

ఇంట్లో కెమెరాను తోలు సంచిలో, చీకటి బీరువాలో దాచవద్దు. ఈ తేమకు లెన్సు లోపల బూజు సాలెగూడులా పాకుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులతో ఉంచి, తేమను 40 నుంచి 50 శాతం మధ్య నిలపండి. తేమను కొలిచే చిన్న హైగ్రోమీటరు ఒకటి డబ్బాలో పెడితే సంచులు ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది.

చివరి పని: కంప్యూటరులో

రా ఫైలుకు (సెన్సర్ పట్టినదాన్ని మెరుగులు దిద్దకుండా దాచే ఫైలు) కెమెరా పదును పెట్టదు, అందువల్ల మొదట చూసినప్పుడు అది మెత్తగా అనిపించడం సహజం. జేపెగ్ తీసేవారు పిక్చర్ కంట్రోల్ లేదా పిక్చర్ స్టైల్‌లో షార్ప్‌నెస్‌ను ఒకటి రెండు మెట్లు పెంచుకోవచ్చు. అంచుల చుట్టూ తెల్లని గీతలు కనిపించగానే ఆపేయండి.

ఆ నవరాత్రుల్లోనే ఒక సాయంత్రం వేలచ్చేరి వెళ్లి, మేనకోడలితో కొలువును మళ్లీ తీయించాను. కెమెరాను ట్రైపాడ్ మీద కింది మెట్టుకు రెండు మీటర్ల దూరంలో నిలిపింది. లెన్సు 35 మి.మీ. వద్ద, అపర్చరు ఎఫ్/8, ఐఎస్ఓ 100. షట్టరు దాదాపు ఒక సెకను వచ్చింది. లైవ్ వ్యూలో కింది నుంచి మూడో మెట్టు మీది బొమ్మను పది రెట్లు పెంచి ఫోకస్ చేసింది, ఎందుకంటే ఫోకస్‌లో ఉండే లోతు ముందువైపు కంటే వెనుకవైపు ఎక్కువ. దీపాల వత్తులు ఊగకుండా ఫ్యాను ఆపించి, రెండు సెకన్ల టైమరు నొక్కి చేయి తీసేసింది. నూరు శాతం పరిమాణంలో చూస్తే శెట్టిగారి ముందున్న పెసరగింజల దగ్గర నుంచి పైమెట్టు మీది వామనుడి గొడుగు ఊచల దాకా అన్నీ లెక్కకు వచ్చాయి. తరువాత ఆ పాపను మెట్ల ముందు కూర్చోబెట్టి, కెమెరాను ట్రైపాడ్ మీద నుంచి తీసి, బిందువును కంటి మీద పెట్టి, 1/200 సెకను, ఐఎస్ఓ 3200తో పాట పాడుతుండగా తీసింది.